సభ నడపడం నేర్పిన సైనికుడు: హెన్రీ మార్టిన్ రాబర్ట్

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఇంట్లో ఏమేం జరుగుతాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగుతాయి. బడిలో టీసీకి దరఖాస్తు పెడతాం. పాలు, పేపరు, గ్యాసు లెక్కలు తేల్చుకుంటాం. పదిహేను రోజులు తిరిగేసరికి మరో రాష్ట్రంలో, మరో భాష మాట్లాడే ఊళ్లో, ఒక కొత్త తరగతి గదిలో వెనుక బెంచీ మీద కూర్చుని ఉంటాం. పిల్లలూ, ఇది మీకే కాదు, మీకు పాఠాలు చెప్పే మాకూ అలవాటైన సంగతే.

ఎక్కడికి వెళ్లినా పాఠ్యపుస్తకాలు దాదాపు అవే ఉంటాయి. ఉదయం ప్రార్థన కూడా అదే. నలుగురు కూర్చుని ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చినప్పుడే అసలు తేడా బయటపడుతుంది. ఒక బడిలో హౌస్ మీటింగు అంటే చెయ్యెత్తి, పేరు పిలిచాకే మాట్లాడాలి. ఇంకో బడిలో ఎవరి గొంతు పెద్దదైతే వారిదే మాట. మరో చోట ముగ్గురు స్నేహితులు ముందే అనుకుని వస్తారు, మిగిలినవాళ్లు తలలు ఊపుతారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎప్పుడు మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో తెలియదు. తెలిసేసరికి మళ్లీ బదిలీ వస్తుంది.

ఈ ఇబ్బంది మనకంటే సుమారు నూట యాభై ఏళ్ల ముందే అమెరికాలో ఒక మనిషికి ఎదురైంది. ఆయనా బదిలీల ఉద్యోగే. సైన్యంలో ఇంజనీరు. ఇబ్బందిని చూసి ఊరుకోకుండా దానికి ఒక మార్గం వెతికాడు. ఆయన పేరు హెన్రీ మార్టిన్ రాబర్ట్. ఈరోజు ప్రపంచంలో ఎన్నో సంఘాలు, క్లబ్బులు, విద్యార్థి సంఘాలు తమ సమావేశాలు నడుపుకునే పద్ధతికి ఆయన రాసిన చిన్న పుస్తకమే ఆధారం.

రాబర్ట్ 1837 మే 2న అమెరికాలోని సౌత్ కరొలైనా రాష్ట్రంలో రాబర్ట్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. ఆ ఊరికి ఆ పేరు వారి పూర్వీకుల వల్లే వచ్చింది. తండ్రి జోసెఫ్ థామస్ రాబర్ట్ క్రైస్తవ మతబోధకుడు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారిని బానిసలుగా కొనడం, అమ్మడం చట్టబద్ధమే. అది తప్పని నమ్మిన తండ్రి కుటుంబంతో సహా ఉత్తరాదికి, ఒహాయో రాష్ట్రానికి తరలిపోయాడు. అలా చిన్ననాడే రాబర్ట్ పుట్టిన ఊరు విడిచాడు. తరువాతి కాలంలో, అంటే 1871లో, ఆ తండ్రే బానిసత్వం నుంచి విముక్తి పొందినవారి చదువు కోసం పెట్టిన ఒక విద్యాసంస్థకు మొదటి అధ్యక్షుడయ్యాడు. అదే నేటి మోర్‌హౌస్ కాలేజీ. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ చదివింది అక్కడే. నోరెత్తే హక్కు లేనివారికి ఆ హక్కు రావాలన్న ఆలోచన ఆ ఇంట్లో ముందునుంచీ ఉందన్నమాట.

రాబర్ట్ వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చేరి 1857లో పట్టా పుచ్చుకున్నాడు. ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. మీలో సైనిక కుటుంబాల పిల్లలకు మన ఎంఈఎస్ సంగతి తెలుసు, కంటోన్మెంట్లలో క్వార్టర్ల నుంచి రన్‌వేల దాకా వాళ్లే చూస్తారు. అమెరికా ఇంజనీర్ల దళం పని ఇంకా విశాలం. కోటలు కట్టడంతో పాటు నదుల్లో పూడిక తీయడం, ఓడరేవులు బాగుచేయడం కూడా వాళ్ల బాధ్యతే. పని ఎక్కడుంటే ఉద్యోగి అక్కడికి వెళ్లాలి. రాబర్ట్ జీవితమంతా అలా ఒక తీరం నుంచి మరో తీరానికి తిరగడంతోనే గడిచింది.

ఉద్యోగంలో చేరిన రెండేళ్లకే ఆయన ఒక వింత తగాదా మధ్యకు వెళ్లాడు. పసిఫిక్ తీరంలో శాన్ వాన్ అనే దీవి ఉంది. అది మాదంటే మాదని అమెరికా, బ్రిటన్ రెండూ అంటున్నాయి. 1859 జూన్‌లో అక్కడ ఒక అమెరికన్ రైతు తన బంగాళాదుంపల తోటలో పడి మేస్తున్న పందిని కాల్చి చంపాడు. ఆ పంది బ్రిటిష్ కంపెనీది. మాటా మాటా పెరిగి, రెండు దేశాల సైన్యాలూ దీవి చేరాయి. అమెరికా వైపు మట్టికోట కట్టించే పని యువకుడైన రాబర్ట్‌కు అప్పగించారు. కోట లేచింది గాని యుద్ధం జరగలేదు. చివరికి రెండు దేశాలూ తగాదాను మూడో మనిషి ముందు పెట్టాయి. జర్మనీ చక్రవర్తి 1872లో తీర్పు చెప్పాడు. దీవి అమెరికాకు దక్కింది. పదమూడేళ్ల తగాదాలో పోయిన ప్రాణం ఆ పంది ఒక్కటే. తుపాకులు ఎదురెదురుగా నిలబడ్డ చోట కూడా పద్ధతి ప్రకారం మాట్లాడుకుంటే పని జరుగుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. రాబర్ట్ పుట్టిన దక్షిణాది ఒకవైపు, ఆయన పనిచేసే ప్రభుత్వం మరోవైపు. ఆయన ప్రభుత్వ పక్షానే నిలిచి రాజధాని వాషింగ్టన్ రక్షణ నిర్మాణాల పనిలో ఉన్నాడు. అయితే పనామా మీదుగా ప్రయాణించిన రోజుల్లో పట్టుకున్న జ్వరం తిరగబెట్టింది. దాంతో కొంత తేలికైన పని మీద ఉత్తరాదిన న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఓడరేవుకు బదిలీ చేశారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన 1863లో ఆ ఊళ్లోనే జరిగింది. అక్కడి చర్చిలో ఒక సభ జరిగింది. చదువుకున్నవాడు, సైనికాధికారి, నెమ్మదస్తుడు కదా అని రాబర్ట్‌నే అధ్యక్షత వహించమన్నారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. కోట ఎలా కట్టాలో తెలుసుగాని సభ ఎలా నడపాలో ఒక్క ముక్క తెలియదు. అయినా కాదనడం మర్యాద కాదనుకుని కుర్చీలో కూర్చున్నాడు. మంచిగా కూర్చుంటే సభ కూడా మంచిగా నడుస్తుందని అనుకున్నాడు. అలా జరగలేదు. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు లేచారు. ఒక విషయం తేలకముందే ఇంకో విషయం వచ్చింది. ఎవరిని ఆపాలో, దేని మీద ఓటు తీసుకోవాలో అధ్యక్షుడికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సభ రచ్చగా మారింది.

ఆ రోజు రాబర్ట్‌కు చెప్పలేనంత సిగ్గు వేసింది. సభలు నడిపే పద్ధతి కొంతైనా తెలుసుకోకుండా మళ్లీ ఏ సభకూ వెళ్లకూడదని నిర్ణయించుకున్నాడు. తరువాత మరేదో విషయం మీద రాసిన పుస్తకంలో సభా నియమాల గురించి కొన్ని పేజీలు కనిపించాయి. ముఖ్యమైన నాలుగైదు అంశాలు ఒక కాగితం ముక్క మీద రాసుకున్నాడు. ఏ ప్రతిపాదన ముందు, ఏది తరువాత, దేని మీద చర్చ ఉంటుంది, దేన్ని సవరించవచ్చు, అంతే. ఆ చీటీని మడిచి పర్సులో పెట్టుకుని కొన్నేళ్లపాటు తిరిగాడు. ఇక తనకు ఇబ్బంది లేదనుకున్నాడు.

1867లో మళ్లీ బదిలీ, ఈసారి దేశం రెండో చివర ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోకు. బంగారం దొరుకుతుందన్న ఆశతో అమెరికాలోని అన్ని రాష్ట్రాల నుంచీ జనం వచ్చి చేరిన నగరం అది. రాబర్ట్, ఆయన భార్య హెలెన్ అక్కడి సేవాసంఘాల్లో ఉత్సాహంగా పనిచేశారు. సభ్యులంతా మంచివారే, మంచి పనికే కూర్చునేవారు. కాని పని కదిలేది కాదు. ఎందుకని ఆయన గమనించాడు. ఒకాయన తన రాష్ట్రంలో పద్ధతి ఇదంటాడు. ఇంకొకాయన తన ఊళ్లో అలా చేయరంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి ఊరి పద్ధతే అసలు పద్ధతని ఇద్దరూ నిజాయితీగా నమ్ముతున్నారు. సంఘం పని కోసం కేటాయించిన సాయంత్రమంతా పని ఎలా చేయాలన్న తగాదాతోనే గడిచిపోయేది.

మన తరగతి గదిని ఒకసారి గుర్తు చేసుకుందాం. జోధ్‌పూర్ నుంచి వచ్చిన అబ్బాయి, షిల్లాంగ్ నుంచి వచ్చిన అమ్మాయి, కొచ్చిలో చదివి వచ్చిన కవలలు, విశాఖపట్నం నుంచి వచ్చిన మనం. నాటి శాన్ ఫ్రాన్సిస్కో లాంటిదే మన తరగతి కూడా. అందుకే రాబర్ట్ కష్టం మనకు పుస్తకంలో చదివిన కష్టంలా అనిపించదు.

పర్సులోని చీటీ చాలదని రాబర్ట్‌కు అర్థమైంది. అప్పటికి దొరికే ప్రామాణిక గ్రంథాలు తెప్పించి చదివాడు. వాటిలో ఒకటి అమెరికా సెనేట్ కోసం థామస్ జెఫర్సన్ తయారు చేసినది, 1801లో వచ్చింది. మరొకటి లూథర్ కుషింగ్ అనే న్యాయకోవిదుడు 1840లలో రాసినది. ఒక పుస్తకం చెప్పేది మరో పుస్తకంతో కలవలేదు. పైగా చట్టసభకు సరిపోయే పద్ధతి ఊరి సంఘానికి ఉన్నదున్నట్టు సరిపోదు. చట్టసభ నెలల తరబడి కూర్చుంటుంది. ఊరి సంఘానికి ఉన్నది ఒక్క సాయంత్రం. అందుకని తాను పనిచేసే సంఘాల వరకైనా పనికొస్తుందని పదిహేను పేజీల చిన్న కరపత్రం తయారు చేసి పంచాడు. సభ్యులు దాన్ని ఒప్పుకున్నారు. మీటింగుల్లో తగాదాలు తగ్గాయి.

1871లో పోర్ట్‌లాండ్‌కు బదిలీ. 1873లో మిల్వాకీకి. మిల్వాకీ మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంది. సరస్సు అంటే మన హుస్సేన్ సాగర్ అంత కాదు, అవతలి గట్టు కనిపించనంత పెద్దది. అక్కడి ఓడరేవులు బాగుచేయడం ఆయన పని. 1874 చలికాలంలో నీళ్లు గడ్డకట్టి రేవు పనులు ఆగిపోయాయి. చేతిలో కొంత ఖాళీ దొరికింది. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న పుస్తకం రాయడం మొదలుపెట్టాడు. పగలు ఉద్యోగం, మిగిలిన వేళ రాత. నియమాల భాగం అచ్చు పని సాగుతుండగా భార్య హెలెన్ ఒక మంచి మాట చెప్పింది. అసలు ఎప్పుడూ సభ ముఖం చూడనివారికి ఈ నియమాలు చదివితే ఏం అర్థమవుతుంది, సభ మొదటినుంచి చివరిదాకా ఎలా సాగుతుందో కూడా చెప్పాలి కదా అని ఆమె ఆలోచన. ఆ సలహాతో ఆయన పుస్తకానికి మరో భాగం చేర్చాడు. కొత్తవారి వైపు నుంచి ఆలోచించిన ఆ భాగం పుస్తకానికి ఎంతో మేలు చేసింది.

అచ్చు వేయడానికి ప్రచురణకర్తలు తొందరపడలేదు. ఒక సైనిక ఇంజనీరు సభా నియమాలు రాస్తే ఎవరు కొంటారని వాళ్ల అనుమానం. రాబర్ట్ తన ఖర్చుతోనే 4,000 ప్రతులు అచ్చు వేయించి, అందులో 1,000 ప్రతులు దేశంలోని విద్యావేత్తలకు, చట్టసభల వారికి, సభా నియమాలు తెలిసినవారికి ఉచితంగా పంపడానికి ఒప్పుకున్నాడు. అలా 1876 ఫిబ్రవరి 19న, 176 పేజీలతో, జేబులో పట్టే పుస్తకం షికాగో నుంచి వెలువడింది. అట్ట మీద ప్రచురణకర్త రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ అని వేశాడు. ఆ పేరే నిలిచిపోయింది. రెండేళ్లకు సరిపోతాయనుకున్న ప్రతులు నాలుగు నెలల్లో అయిపోయాయి.

ఇంతకీ ఆ పుస్తకంలో ఏముంది? మన తరగతినే ఉదాహరణగా తీసుకుని చూద్దాం. వార్షికోత్సవంలో తరగతి తరఫున ఏం చేయాలో తేల్చుకోవాలి. తరగతిలో 36 మంది ఉన్నారు. ఒకరు అధ్యక్షులుగా కూర్చున్నారు, ఒకరు రాసుకోవడానికి కాగితం, కలం తీసుకున్నారు.

ముందుగా ఒక అమ్మాయి చెయ్యెత్తుతుంది. అధ్యక్షుడు అనుమతి ఇస్తాడు. తరగతి తరఫున ఒక హిందీ నాటిక వేయాలని ఆమె ప్రతిపాదిస్తుంది. దీన్ని ప్రతిపాదన అంటారు. ఏదో ఒకటి చేద్దాం అంటే ప్రతిపాదన కాదు, ఏం చేయాలో స్పష్టంగా ఉండాలి. వెంటనే మరొకరు దాన్ని బలపరచాలి. బలపరచడం అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఈ విషయం చర్చించదగినదే అని చెప్పడం మాత్రమే. ఒక్కరికి తప్ప ఇంకెవరికీ పట్టని విషయం మీద అందరి సమయం ఖర్చు కాకూడదని ఈ ఏర్పాటు. బలపరిచాక అధ్యక్షుడు ఆ ప్రతిపాదనను అందరికీ వినిపించేలా మళ్లీ చెబుతాడు. అప్పటినుంచి అది ఆ అమ్మాయి సొంతం కాదు, సభ మొత్తానిది.

ఇప్పుడు చర్చ. ఒక సమయంలో ఒకే విషయం, ఒక సమయంలో ఒకే గొంతు. ఎవరైనా ఇప్పుడు పిక్నిక్ సంగతి ఎత్తితే అధ్యక్షుడు ఆపుతాడు, పిక్నిక్ చెడ్డదని కాదు, దాని వంతు ఇంకా రాలేదని. మాట్లాడేవారు అధ్యక్షుడి వైపు చూసి మాట్లాడాలి. ఎదుటివాడి ముఖం చూసి నువ్వు అనడం మొదలుపెడితే చర్చ పోట్లాటగా మారడానికి ఎంతో సేపు పట్టదు. విషయాన్ని విమర్శించవచ్చు, మనిషిని విమర్శించకూడదు. ఒకసారి మాట్లాడినవారు, ఇంకా మాట్లాడనివారు చెయ్యెత్తి ఉండగా రెండోసారి మాట్లాడకూడదు. ఈ చివరి నియమం చిన్నదే. కాని వెనుక బెంచీలో కొత్తగా కూర్చున్న పిల్లకు మాట్లాడే వంతు దీనివల్లే వస్తుంది.

ఆ పిల్ల లేచి, నాటిక బాగుంది గాని హిందీతో పాటు మనందరి ఇళ్లలోని భాషలు కూడా కొన్ని మాటలైనా వినబడితే బాగుంటుందని, నాటికను పలు భాషల్లో వేయాలని మార్పు కోరిందనుకుందాం. దీన్ని సవరణ అంటారు. సవరణ అసలు ప్రతిపాదనకు సంబంధించినదై ఉండాలి. దాన్నీ ఇంకొకరు బలపరచాలి. ఓటు ముందు సవరణకు పెట్టాలి, తరువాతే ప్రతిపాదనకు. ముందు ఏ రూపంలో నాటిక వేయాలో తేల్చుకుని, ఆ తరువాత నాటిక వేయాలా వద్దా అని తేల్చుకుంటామన్నమాట. ఈ వరస తప్పితే దేనికి ఓటు వేశామో మనకే తెలియదు.

చివరికి ఓటింగు. 36 మందీ ఓటు వేస్తే 19 ఓట్లు వచ్చిన వైపు గెలిచినట్టు. 18, 18 వస్తే ప్రతిపాదన వీగిపోతుంది, ఎందుకంటే సగం కంటే ఎక్కువ మంది కోరలేదు కదా. ఫలితం అధ్యక్షుడు ప్రకటిస్తాడు. రాసేవారు ఏ ప్రతిపాదన వచ్చింది, దాని ఫలితం ఏమిటి అన్నది మినిట్స్ పుస్తకంలో రాస్తారు. ఎవరు ఎంత కోపంగా ఏమన్నారన్నది రాయనక్కరలేదు. రేపు అందరూ కలిసి పనిచేయాలంటే నిన్నటి నిర్ణయం గుర్తుండాలి, నిన్నటి కోపం కాదు.

ఇక్కడ రాబర్ట్ బాగా ఆలోచించిన విషయం ఒకటి ఉంది. చర్చ ఇక చాలు, ఓటు తీసుకుందాం అని మధ్యలో ఎవరైనా ప్రతిపాదిస్తే ఏం చేయాలి? అమెరికా ప్రతినిధుల సభలో సగం కంటే ఒక్కరు ఎక్కువున్నా చర్చ ఆపేయవచ్చు. రాబర్ట్ ఆ పద్ధతి మామూలు సంఘాలకు మంచిది కాదనుకున్నాడు. చర్చ ఆపాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలన్నాడు. మన తరగతి లెక్కలో 19 మంది నిర్ణయం చేయగలరు, కాని ఇంకా మాట్లాడాలనుకునేవారి నోరు మూయించాలంటే 24 మంది కావాలి. గెలిచే హక్కు ఎక్కువ మందిదే, కాని ఓడిపోయేవారి మాట విన్నాకే గెలవాలి. ఆయన పుస్తకం సారమంతా ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఉందని మాకు అనిపిస్తుంది.

రాని వారి గురించి కూడా ఆయన ఆలోచించాడు. సభకు కనీసం ఇంతమంది ఉంటేనే నిర్ణయాలు చెల్లుతాయి. దాన్నే కోరం అంటారు. లేకపోతే సెలవు రోజు నలుగురు కూడి 36 మంది పేరున ఏదైనా నిర్ణయించేయవచ్చు. ఇక అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నవారు పెద్ద సభలో ఏ పక్షమూ వహించకూడదు. తన అభిప్రాయం తప్పక చెప్పాలంటే కుర్చీ ఇంకొకరికి అప్పగించి మామూలు సభ్యుడిలా మాట్లాడాలి. పదిమంది లోపు కూర్చునే చిన్న కమిటీల్లో ఇంత కట్టుబాటు అక్కరలేదు. అధ్యక్షుడూ చర్చలో పాల్గొనవచ్చు, బలపరిచేవారు లేకున్నా విషయం ఎత్తవచ్చు. కొలతను బట్టి చొక్కా కుట్టినట్టు సభను బట్టి నియమం.

పుస్తకం పేరు తెచ్చినా రాబర్ట్ ఉద్యోగం మానలేదు. నదులు, రేవుల పనుల్లోనే ఉండి, 1901లో బ్రిగేడియర్ జనరల్ హోదాతో ఇంజనీర్ల దళానికి అధిపతి అయ్యాడు. ఆ పదవిలో ఉన్నది మూడు రోజులే. ఏప్రిల్ 30న బాధ్యతలు తీసుకున్నాడు, మే 2న 64 ఏళ్లు నిండి పదవీ విరమణ చేశాడు. అయినా ఇంట్లో కూర్చోలేదు. అంతకు ముందటి ఏడాది, 1900 సెప్టెంబర్ 8న, టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ నగరాన్ని పెను తుఫాను ముంచెత్తి వేలాది ప్రాణాలు తీసింది. దివిసీమ ఉప్పెన సంగతి పెద్దవాళ్ల నోట విన్న తెలుగువారికి ఆ కష్టం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఆ నగరాన్ని ఎలా కాపాడాలో చెప్పడానికి ముగ్గురు ఇంజనీర్లను నియమించారు. వారిలో రాబర్ట్ ఒకరు. వారి సలహా మీద 17 అడుగుల ఎత్తున మూడు మైళ్లకు పైగా సముద్రపు గోడ కట్టారు. 1904లో ఆ పని పూర్తయింది. 1915లో మళ్లీ పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆ గోడ నగరాన్ని కాచింది.

అదే 1915లో ఆయన తన పుస్తకాన్ని పూర్తిగా తిరగరాసి కొత్త కూర్పు తెచ్చాడు. అందుకు మూడేళ్లు పట్టింది. ఇన్నేళ్లలో దేశం నలుమూలల నుంచి సంఘాలవాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ దాచి, వాటికి జవాబు దొరికేలా రాశాడు. హెలెన్ 1895లోనే చనిపోయింది. రెండో భార్య ఇసబెల్ ఈ పనిలో చేదోడుగా నిలిచింది. 1923 మే 11న, 86 ఏళ్ల వయసులో రాబర్ట్ కన్నుమూశాడు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ఆయన తరువాత కూడా కుటుంబంవారు, శిష్యులు ఆ పుస్తకాన్ని మెరుగుపరుస్తూ వచ్చారు. 12వ కూర్పు 2020లో వచ్చింది. జేబులో పట్టిన పుస్తకం ఇప్పుడు 700 పేజీలు దాటింది.

మన పార్లమెంటు రాబర్ట్ పుస్తకం ప్రకారం నడవదు. దాని పద్ధతి బ్రిటన్ పార్లమెంటు నుంచి వచ్చి, మన రాజ్యాంగం కింద రూపుదిద్దుకుంది. అయితే రాబర్ట్ చదివిన నియమాలకూ వేరు అదే పార్లమెంటులో ఉంది కనుక పోలికలు చాలా కనిపిస్తాయి. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభలో పదో వంతు సభ్యులు ఉంటేనే కోరం. లోక్‌సభలో 543 స్థానాలు కనుక 55 మంది ఉండాలి. స్పీకర్ మామూలుగా ఓటు వేయరు, ఓట్లు సమానమైతేనే వేస్తారు. ఆ కుర్చీలో తెలుగు నేల మీద పుట్టినవారు కూడా కూర్చున్నారు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, తరువాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి, జి.ఎం.సి. బాలయోగి. టీవీలో సభ గోలగా కనిపించిన రోజున స్పీకర్ ఏం చేస్తున్నారో గమనించండి. ఎవరికి వంతు ఇస్తున్నారు, ఏ విషయం మీద చర్చ జరుగుతోంది, ఓటు దేనికి పెడుతున్నారు, ఇవన్నీ ఇప్పుడు మీకు అర్థమవుతాయి.

నియమాలతో అన్నీ చక్కబడతాయని మేము అనడం లేదు. నియమాలు బాగా తెలిసినవాడు తెలియనివాడిని తికమకపెట్టి గెలవవచ్చు. ఆ పేరు తప్పు చెప్పావు, ఈ వరస తప్పావు అని ఒక చిన్నవాడిని కూర్చోబెట్టడానికి వాటిని వాడితే, రాబర్ట్ ఏ పని కోసం రాశాడో దానికి అడ్డం పడినట్టే. తెలిసినవారు తెలియనివారికి దారి చెప్పాలి. ఆ అబ్బాయి చెప్పదలచుకున్నది ప్రతిపాదనా, సవరణా అని అడిగి, సరైన మాటల్లో పెట్టడానికి సాయం చేయడం అధ్యక్షుడి బాధ్యత.

ఈ నెలలో మీ తరగతిలోనో, హౌస్‌లోనో మీటింగు ఉంటే ఒక్కసారి ఈ పద్ధతిలో నడిపి చూడండి. మొదట ఈరోజు తేల్చవలసినవి ఏమిటో బోర్డు మీద రాయండి. మూడు కంటే ఎక్కువ వద్దు. అధ్యక్షత ప్రతిసారీ ఒకరికే కాకుండా వంతులవారీగా ఇవ్వండి. రాసే పని కూడా అంతే. ఓటు తీసుకునే ముందు ఇంకా ఎవరైనా మాట్లాడాలా అని అధ్యక్షుడు ఒకసారి అడగాలి. అడిగాక కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో వెనుక బెంచీ వైపు చూడాలి. గత వారమే టీసీ తెచ్చుకుని చేరినవాళ్లు ఎవరైనా అక్కడ ఉంటే, వాళ్లకు ఇక్కడి పద్ధతి ఇంకా తెలియదు. పద్ధతి చెప్పండి. ఆ తరువాత వాళ్లు మాట్లాడకపోయినా పరవాలేదు, తమ వంతు ఎప్పుడు వస్తుందో తెలుసుకుని కూర్చుంటారు.